వంతెన బలం: వెయ్యి

కాలువ మీది చెక్కవంతెన బలం నేటి నుంచి వెయ్యి అని మంత్రిగారు ప్రకటించారు. నిన్నటిదాకా ఎంత అని విలేకరులు అడగలేదు. మర్యాదస్తులు.

మా వంతెనల శాఖ ఈ ఊరినే ఒక వీడియో గేముగా చేయించింది. అందులో మా వీధులు, మా కాలువ, మా వంతెన అచ్చంగా ఉంటాయి. దాన్ని చూసుకునే ఆపరేటర్ని నేను. గేముల్ని కెలికి, కత్తులకూ డాళ్లకూ లేని గుణాలు తగిలించే పాడలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఉద్యోగం దాని పుణ్యమే.

మా అమ్మ దర్జీ. రోజూ అసలు వంతెన దాటితేనే ఆవిడకు కొట్టు. మూడు పలకలు ఊడిపోయాయి. మోకాళ్ల నొప్పులతో వాటిని గెంతుకుంటూ వెళుతుంది. ఏనాడు కాలువలో పడుతుందోనని నాకు దడ. అందుకే అమ్మ అర్జీ పట్టుకుని మంత్రిగారి గదికి వెళ్లాను. ఆయన ఆ ఊరి గేమే ఆడుతున్నారు, తెరమీది ఆయన బొమ్మ చేతిలో నేను పెట్టిన కత్తి.

"ఈ కత్తికి 'పదును' ఎలా కలిపావయ్యా?"

"ఒక్క లైను సార్. గుణం పేరు, పక్కన అంకె."

"టెండరు?"

"అక్కర్లేదు సార్."

"సిమెంటు?"

"అదీ అక్కర్లేదు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "వంతెనకు బలం కలుపు. వెయ్యి!" అంకెల దగ్గర ఆయన చేతికి ఎముక లేదు.

"పేరు కనిపిస్తుందంతే సార్. పనిచెయ్యాలంటే ఆ గుణాన్ని చదివే కోడ్ వేరే రాయాలి. లేకపోతే మనిషి ఎక్కితే ఎప్పట్లాగే విరుగుతుంది."

"కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"మరింకేం!"

ఎంత విశాల హృదయం! తెర ఫొటో ఒకటి అర్జీకి గుచ్చి, 'సమస్య పరిష్కరించబడినది' అని మా శాఖ పెద్దాఫీసరు సంతకం పెట్టేశారు.

మర్నాటి నుంచి అన్ని శాఖలూ నా బల్ల ముందు క్యూ కట్టాయి. ఆసుపత్రిలో ఖాళీ కుర్చీకి 'డాక్టరు: ఒకటి' కలిపాను. బడి గోడలకు 'పైకప్పు: ఉంది' అన్నాను. కుళాయికి ధార అయిదు వందలు. దాచడమెందుకు, నాకూ హుషారెక్కింది. పెద్దాఫీసరు కుర్చీకి 'నిజాయితీ' తగిలించాను. "ఇదెవరడిగారు?" అని ఆయన తీయించేశారు.

ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు, గేము చూపించడానికి గట్టున పెద్ద తెర పెట్టారు. మంత్రిగారు మైకందుకున్నారు. "అర్జీ పెట్టిన ఈ అమ్మగారే ముందు నడుస్తారు!"

అమ్మను ఆపడానికి పరుగెత్తాను. అమ్మ మాత్రం సంచి కిందపెట్టి, నింపాదిగా కొంగు దోపుకుంది.

"అయ్యో, ఎంత మాట నాయనా! బలం పెట్టించింది మీరు. ముందు మీరు పదండి, మీ వెనకాలే వస్తా."

జనం చప్పట్లే చప్పట్లు. వెనక్కి తగ్గే దారి లేదు. మంత్రిగారు మొదటి పలక మీద ఒక కాలు మోపారు. కిర్రుమంది. ఆయన నన్ను సైగతో పిలిచారు.

"గేములో నా బొమ్మ ఉందిగా?"

"ఉంది సార్."

"దానికో గుణం కలుపు."

"ఏం గుణం సార్?"

ఆయన గొంతు తగ్గించారు. "ఈత."

"ఎంత పెట్టమంటారు?"

"వెయ్యి."

అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో కలిపాను. తెర మీద మంత్రిగారి తలపైన 'ఈత: వెయ్యి' అని మెరిసింది. ఈలలు మోగిపోయాయి. మంత్రిగారు తెరను చూశారు. పలకల సందులోంచి నీళ్లను చూశారు. నా చొక్కా పట్టుకున్నారు.

"ఏమయ్యా, ఇంతకీ ఇది పనిచేస్తుందా?"