గోడ మీద ఆకుపచ్చ ఇంటూ

కిటికీ ఊచలకు ఏ రంగు వేయాలన్న దాని మీద ఆ శుక్రవారం పొద్దున్నే తౌసికీ, ఆమె భర్త సెఫూకీ మాటామాటా పెరిగింది. బక్రీద్ ఇంకా పదిహేను రోజులుంది. ఏటా ఈద్‌కు ముందు ఊచలకు నీలం రంగు వేయడం ఆ ఇంటి అలవాటు. ఈసారి సెఫు ఆకుపచ్చ డబ్బా పట్టుకొచ్చాడు.

"నీలం తెమ్మన్నాను కదండీ," అంది తౌసి, టీ గ్లాసు అతని ముందు పెడుతూ.

"ఆకుపచ్చ కంటికి చలవ."

"ఆసుపత్రులకు వేస్తారు ఈ రంగు. రేపెవరైనా తలుపు కొట్టి, సూదిమందు వేయమంటే మీరే వేయాలి."

దార్-ఎస్-సలామ్ రేవులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేసి రిటైరైన మనిషి సెఫు. వాదనలో ఓడిపోవడం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఎండలో చూస్తే రంగు అందం తెలుస్తుందని కుంచె పట్టుకుని వీధిలోకి నడిచాడు. ముందు గోడ మీద మూరెడు పొడుగున ఒక గీత ఏటవాలుగా లాగాడు. తౌసి తల పక్కకు వంచి చూసి, బాగాలేదంది. రెండో పూత పడితే తేలుతుందని అతను ఆ గీత మీదుగా ఇంకోటి అడ్డంగా లాగాడు. ఇప్పుడు ఇంకా బాగాలేదంది. సెఫు డబ్బా మూత విసురుగా మూసి, కాళ్ళూచేతులూ కడుక్కుని మసీదుకు వెళ్ళిపోయాడు. తౌసి బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది. పోట్లాటలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే గానీ, గోడ మీద ఏం తయారైందో ఇద్దరూ చూడలేదు.

ఆ నగరంలో ఆరేళ్ళ పిల్లవాడైనా చూసేవాడు. అక్కడ రోడ్డు వెడల్పు చేయాలంటే కంకర కన్నా ముందు రంగు వస్తుంది. రోడ్ల శాఖ వాళ్ళు గోడ మీద ఎర్ర ఇంటూ వేస్తే, రోడ్డు స్థలంలో నువ్వు ఇల్లు కట్టావని అర్థం. నీ అంతట నువ్వు కూల్చుకోవాలి, లేదా వాళ్ళు కూలుస్తారు, చిల్లిగవ్వ ఇవ్వరు. ఆకుపచ్చ ఇంటూ వేస్తే, రోడ్డే నీ స్థలంలోకి వస్తోందని అర్థం. ఇంటికి లెక్కకట్టి పరిహారం ఇస్తారు. పెద్ద రోడ్డుకు అవతల ఆరేళ్ళ కిందట ఎర్ర గుర్తులు పడినప్పుడు రెండు వందల కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకున్నాయి. అప్పటి నుంచి జనం అక్షరాల కన్నా ముందు ఈ రెండు రంగులు చదవడం నేర్చుకున్నారు.

మధ్యాహ్నానికల్లా పక్కింటి డోటో వాళ్ళమ్మ వచ్చింది. రోజూ ఆ వేళకు బియ్యం చేట తెచ్చుకుని తౌసి వాళ్ళ బరాజా, అదే వీధరుగు, మీద కూర్చోవడం ఆమెకు పదేళ్ళ అలవాటు. ఆ రోజు చేటా లేదు, కూర్చోనూ లేదు.

"మాట మాత్రమైనా చెప్పలేదే వదినా," అంది.

తౌసి బయటకు వచ్చి గోడ చూసింది. ఒక్క క్షణం ఆమె కూడా అది రోడ్ల శాఖ గుర్తనే అనుకుంది. తరువాత నవ్వొచ్చింది. ఊచల సంగతి, కుంచె సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. డోటో వాళ్ళమ్మ ఓపిగ్గా వింది.

"నిజమేలే వదినా. మా మరిది కూడా లాటరీ తగిలినప్పుడు నెల రోజులు మంచం మీద పడుకుని జ్వరమనే చెప్పాడు."

నమాజు అయ్యాక మగవాళ్ళు సెఫూ చుట్టూ మూగారు. అతను ఆ క్షణాన కుంచె అన్న ఒక్క మాట అని ఉంటే కథ అక్కడితో సరి. కానీ రిటైరైన ఈ నాలుగేళ్ళలో సెఫూని ఎవరూ ఏదీ అడగలేదు. ఇప్పుడు పదిహేను మంది ఒకేసారి అడుగుతున్నారు, పైగా గొంతు తగ్గించి. అతను టోపీ సర్దుకున్నాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను," అన్నాడు. అది అబద్ధమేమీ కాదు. అతనికి ఏమీ తెలియదు.

ఆ సాయంత్రం తౌసి కిరసనాయిలు గుడ్డతో గోడ రుద్దింది. గుర్తు పోలేదు, కాస్త పాలిపోయిందంతే. తమకు రావాల్సింది పక్కవాళ్ళకు తెలియకుండా చెరిపేస్తోందని వీధంతా అనుకుంది. ఎందుకొచ్చిన గొప్పలని ఆమె మొగుణ్ణి నిలదీస్తే, తను ఒక్క ముక్క అబద్ధమాడలేదని అతను అన్నం మీద ప్రమాణం చేశాడు.

తౌసికి ఆ ఇంటి మీద ఉన్న మమకారం చాలావరకు బరాజా మీదే. ఇంటి ముందు గోడ పొడవునా, పగడపు రాళ్ళతో సున్నం పెట్టి కట్టిన ఆ అరుగు ఆమె తల్లి హయాంలోది. నలభై ఏళ్ళుగా మనుషులు కూర్చుని కూర్చుని అది సబ్బు బిళ్ళలా నున్నబడింది. నగరం మధ్యలో కొత్తగా లేచిన అద్దాల మేడలు చూసినప్పుడల్లా తౌసికి ఒళ్ళు మండేది. ఈ ఎండలో నిలువెల్లా అద్దాలు తొడిగి, లోపల చలి పుట్టించుకుని, సముద్రపు గాలికి తలుపు మూయడం ఏం తెలివో ఆమెకు అర్థమయ్యేది కాదు. బయట నలుగురు కూర్చోవడానికి చోటు లేనిది ఇల్లు కాదు, బీరువా అనేది. సెఫూకి మాత్రం అద్దాలే అభివృద్ధి. పెన్షను డబ్బు రాగానే ముందుగదికి అల్యూమినియం కిటికీలు పెట్టించి, సోఫాలు వేయించాడు. ఆ గదిలో మధ్యాహ్నం పూట పిండి పెడితే పొంగేది. అందుకని అతను కూడా బరాజా మీదే కూర్చునేవాడు.

మర్నాడు తెల్లారేసరికి ఎదురింటి ముసలాయన మపుండా గోడ మీద ఆకుపచ్చ ఇంటూ వెలిసింది. ఆదివారానికి వీధిలోని పదిహేడు ఇళ్ళకూ వెలిశాయి. కొట్లో ఆకుపచ్చ అయిపోతే ఎవరో నీలం, పసుపు కలిపి వేసుకున్నారు. ఆ ఇల్లు చిలకలా తయారైంది. విచిత్రమేమిటంటే, తన గోడ మీది గుర్తు దొంగదని ప్రతివాడికీ తెలుసు. మిగతా పదహారూ అసలువని ప్రతివాడూ గట్టిగా నమ్మాడు.

ఇక పరిహారం పెంచుకునే తాపత్రయం మొదలైంది. గదులు లెక్కపెడతారని మపుండా ఉన్న దుడ్డంతా పోసి, ఇంటి ముందు రోడ్డు వైపుకు కొత్త గది నాలుగు రోజుల్లో లేపేశాడు. గోడల్లో సిమెంటు తక్కువ, నమ్మకం ఎక్కువ. అతన్ని చూసి మరో తొమ్మిది మంది గదులు ముందుకు జరిపారు. చెట్లు కూడా లెక్కపెడతారని డోటో వాళ్ళమ్మ వాకిట్లో నలభై బొప్పాయి మొక్కలు జానెడు ఎడంతో నాటింది. సమాధులకు ఇచ్చేది ఇంకా ఎక్కువని విని, ఆ వీధిలో పదేసి ఇళ్ళకు పెద్దగా ఉండే కిత్వానా తన ఇంటి ముందు, మొరొగొరో ఊళ్ళో ఉన్న పినతండ్రి పేరున ఒక సమాధి కట్టించాడు. కబురు మొరొగొరో చేరింది. పినతండ్రి బస్సెక్కి వచ్చి, తన సమాధి చుట్టూ ఒకసారి తిరిగి, పేరు తప్పుల్లేకుండా రాశారని మెచ్చుకుని, తన వాటా ఎంతో తేలేదాకా కదలనని అక్కడే భోజనానికి కూర్చున్నాడు.

రెండో వారంలో కమిటీ ఏర్పడింది. సమావేశాలు బరాజా మీదే. అధ్యక్షుడు సెఫు. టీ కాచి పోసింది తౌసి. రోడ్ల శాఖకు ఇవ్వవలసిన కాగితం సెఫు స్వయంగా, రేవులో రాసినంత గుండ్రటి అక్షరాలతో రాశాడు. సంతకాలకు ముందు తౌసి దాన్ని అందుకుని చదివింది. 'మా ఇళ్ళన్నీ రోడ్డు హద్దు లోపలే ఉన్నాయని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాము' అన్న వాక్యం దగ్గర ఆగింది.

"హద్దు లోపల ఉన్నామని మనమే రాసిస్తే, వాళ్ళ స్థలంలో మనం కూర్చున్నట్టు ఒప్పుకున్నట్టేగా. ఇంక ఆకుపచ్చ ఎందుకు వేస్తారండీ?"

"హద్దు లోపల లేకపోతే అసలు డబ్బెందుకిస్తారు వదినా?" అన్నాడు కిత్వానా. అందరూ తలలూపారు.

"నీకివి తెలియవు, హిదాయా అమ్మా," అన్నాడు సెఫు. హిదాయా వాళ్ళ కూతురు. నలుగురిలో భార్యను అలా పిలిచాడంటే, ఆ విషయం అక్కడితో ముగిసిందని అతని లెక్క. "ఆఫీసు భాష ఇలాగే ఉంటుంది."

తౌసి సంతకం పెట్టనంది. ఆమె తరఫున కూడా తనే పెట్టాడు, అందరికన్నా పైన, తోక వంపు తిప్పి మరీ.

ఆఫీసులో అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ వీధి పేరు అతను ఎన్నడూ వినలేదు. అక్కడ రోడ్డు వేసే ఆలోచన కూడా ఎవరికీ లేదు. కాగితాన్ని రెండుసార్లు చదివి, నకలు తీయించుకుని, ఇంత నిజాయితీగల పౌరులను తన ఉద్యోగంలో చూడలేదని అందరికీ టీ ఇప్పించాడు. కమిటీ వెలిగిపోతూ ఇంటికొచ్చింది. ఊరికే టీ ఇస్తారా అని ఒకరితో ఒకరు అనుకున్నారు.

ఈద్ అయిన వారానికి లారీ వచ్చింది. అందులో టేపు ఉంది, ఎర్ర రంగు ఉంది.

మపుండా ఇంటి నుంచి మొదలుపెట్టారు. ఆకుపచ్చ ఇంటూ మీద ఎర్ర ఇంటూ పడింది. ఇంటింటికీ అలాగే వేసుకుంటూ వచ్చారు. పధ్నాలుగు రోజులు గడువన్నారు. సెఫు, కనీసం కొలవరా అని అడిగాడు.

"కొలవడమెందుకు పెద్దాయనా? మీరే రాసిచ్చారుగా," అన్నాడు అధికారి, నకలు చూపిస్తూ. అతని గొంతులో వెటకారం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

తౌసి అప్పటికే స్థలం పత్రంతో వాకిట్లో నిలబడి ఉంది. స్థలం ఆమె తల్లి నుంచి ఆమె పేరుకు మారింది. కాగితం మీద ఉన్న సంతకం మొగుడిది. అధికారి పత్రం తిరగేసి, సొంతదారు ఒప్పుకోలేదు కాబట్టి ఈ ఒక్కచోట కొలవక తప్పదన్నాడు. టేపు రెండో కొస తౌసే పట్టుకుంది. హద్దు సరిగ్గా ముందు గోడకు జానెడు బయట తేలింది. ఇల్లు నిలిచింది. గోడకు ఆనుకున్న బరాజా మాత్రం హద్దు లోపలికి పడింది. దాని మీద ఎర్ర రంగు వేసి, సోమవారం కూల్చే మిషను వస్తుందని చెప్పారు. దానికి గడువు కూడా లేదు, అందులో ఎవరూ కాపురముండరు కనుక.

వాళ్ళు ఆనవాలుకు వీధి పొడవునా రెండు వైపులా తాళ్ళు కట్టారు. తౌసి కొసన నిలబడి ఆ తాళ్ళ వెంట చూసింది. పాత గోడలన్నీ వాటికి ఇవతలే ఉన్నాయి, ఒక్కటి కూడా దాటలేదు. తన బరాజా తప్పిస్తే, దాటినవన్నీ ఈ మూడు వారాల్లో పుట్టినవే: మపుండా కొత్త గది, ఆ తొమ్మిది గదులు, నలభై బొప్పాయి మొక్కలు, బతికున్న మనిషి సమాధి.

ఆమె అదే చెప్పులతో ఇంటింటికీ తిరిగింది. కొలవమని అడగండి, మీ ఇళ్ళు బయటే ఉన్నాయి, రేపే వెళ్ళి కాగితం వెనక్కి తీసుకోండి అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. ఒక్కరూ కదలలేదు. మిషను వస్తే రేకులు కూడా దక్కవని, కనీసం అవైనా దక్కించుకుందామని అప్పటికే నిచ్చెనలెక్కారు.

డోటో వాళ్ళమ్మ కప్పు మీది రేకుల్ని కిందికి అందుకుంటోంది. చేతులు కోసుకుపోయి ఉన్నాయి. తౌసి చెప్పిందంతా విని, రేకు గోడకు ఆనించి, తౌసి ఇంటి వైపు చూసింది.

"నీ గోడ మీద లేదుగా వదినా," అంది. "నీకేం, ఎన్నైనా చెప్తావు. మీ ఆయన చేత రాయించి, మా అందరి చేతా సంతకాలు పెట్టించి, నువ్వు మాత్రం పెట్టలేదు. మాకు తెలియదనుకున్నావా?"

"నేను మొదటి రోజే నిజం చెప్పాను నీకు."

"చెప్పావు. ఇప్పుడు కూడా అలాగే చెప్తున్నావు."

తౌసి ముందుకు వంగింది. రేకు రెండో కొస పట్టుకోబోతే ఆమె పట్టుకోనివ్వలేదు. ఆదివారం పొద్దున డోటో వాళ్ళ సామాను రెండు తోపుడు బళ్ళ మీద నగర శివార్లలోని చనీకా వైపు వెళ్ళిపోయింది. అక్కడికి రెండు డాలడాలా బస్సులు మారాలి. చేటలో బియ్యం పెట్టుకుని రాగలిగినంత దూరం కాదు.

ఆ మధ్యాహ్నం చాప మీద పెద్ద పళ్ళెం చుట్టూ కూతురు హిదాయాతో కలిపి ముగ్గురూ కూర్చున్నారు. కొబ్బరిపాల అన్నం, చేప పులుసు, తోటకూర. ఈద్ పండుగకు చేసినంతా చేసింది తౌసి. బయట ఎక్కడో గడ్డపార చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. సెఫు మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇప్పుడు గొంతు సవరించుకుని, ఇల్లు దక్కిందంటే దేవుడి దయేనన్నాడు. తౌసి చేప తలకాయ కూతురి వైపు జరిపింది.

"రేపు బరాజా పోతుంది," అంది. "ఎల్లుండి ముందుగది గోడ పడగొట్టిస్తున్నాను. మేస్త్రీకి చెప్పేశాను. హద్దు గోడ బయట ఆగింది కదా, అరుగు గోడ లోపల కట్టుకుంటాను. ఆ గది ఇక వీధికి తెరిచే ఉంటుంది."

సెఫు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా కిటికీలు? సోఫాలు?"

"కిటికీలు మపుండా బాబాయికి ఇచ్చేశాను, ఎక్కడ కట్టుకుంటే అక్కడ పెట్టుకుంటాడు. సోఫాలు మీ ఇష్టం. సంతకం పెట్టి ఎవరికైనా ఇవ్వండి."

 హిదాయా తలుపులోంచి పైకప్పులు లేని ఇళ్ళ వీధిని చూసింది. "ఎవరు కూర్చుంటారమ్మా అక్కడ? వీధిలో మనమొక్కళ్ళమేగా మిగిలింది."

"రోడ్డు చూడ్డానికి వచ్చేవాళ్ళు కూర్చుంటారు," అంది తౌసి, పులుసు గిన్నె మూత పెడుతూ.

నాలుగేళ్ళయింది, రోడ్డు ఇంకా రాలేదు.