పోర్టల్ నన్ను గుర్తుపట్టింది

డిగ్రీ ప్రవేశాల పోర్టల్ నన్ను గుర్తుపట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్ కొట్టగానే 'స్వాగతం, నాగదుర్గ' అని పచ్చని అక్షరాలు వచ్చాయి. ఇంటర్ రెండేళ్లూ మా లెక్చరర్లు నన్ను 'ఆ చివరి అమ్మాయి' అనే పిలిచారు. అందుచేత ఆ స్వాగతాన్ని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. గడువు సాయంత్రం ఐదు. నాకు కావలసింది ఒక్కటే: రాజమండ్రిలో హాస్టల్ ఉన్న కాలేజీ, కంప్యూటర్ కోర్సు. దాన్ని మొదటి వరసలో పెట్టి 'సేవ్' నొక్కాను. 'ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు' అని ఎర్రని అక్షరాలు వచ్చాయి. పైనున్న స్వాగతాన్ని మాత్రం తీసేయలేదు. మర్యాద తెలిసిన పోర్టల్.

నెట్ సెంటర్ బుల్లిరాజు గారు విషయం వివరించారు.

"లాగిన్ అయ్యావంటే నువ్వెవరో దానికి తెలిసిందనమ్మా. నువ్వేం చెయ్యొచ్చన్నది వేరే సంగతి. లిస్టు మార్చాలంటే సంరక్షకుడి ఫోనుకి ఓటీపీ రావాలి."

"సంరక్షకుడు ఎవరండి?"

"నేనే."

ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. మొగల్తూరు దాటాక సముద్రం వైపున్న ఊరు మాది. నాన్నలు వేటకి వెళితే వారం పది రోజులు ఫోన్లు అందవు. అమ్మలు రొయ్యల షెడ్డుకి వెళితే ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. కాబట్టి ఏ దరఖాస్తులోనైనా బుల్లిరాజు గారి నంబరు వేయడం మా ఊరి ఆచారం. పోర్టల్ లెక్కన ఆయన ముప్పై నలుగురు పిల్లలకు సంరక్షకుడు. ఆయనకింకా పెళ్లి కాలేదు.

"ఓటీపీ చెప్పేస్తే నాదేం పోయింది గానీ, రేపు మీ నాన్న ఒడ్డుకొచ్చి 'నా పిల్లని రాజమండ్రి ఎవడు పంపమన్నాడ్రా' అంటేనో? ఓ ముక్క మీ అత్తని అడుగుదాం."

"అలాగేనండి" అన్నాను. ఆ మాట నాకు బాగా వచ్చు.

మా మేనత్త పెద్దింట్లమ్మ చేపల బేరం ముగించుకుని ఖాళీ తట్టతో వచ్చింది. "రాజమండ్రా? ఏంటే, మొన్నటిదాకా పీతని చూసి ఏడ్చేదానివి" అంది. ఆధారం బలమైనది. హాస్టల్లో పీతలుండవని చెబుదామనుకున్నాను. ఆ మాట పళ్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైన బాబాయి ఉదయ్‌కుమార్ వేంచేసి, నిలబడే ప్రసంగించాడు. "ఆడపిల్లలకి స్వేచ్ఛ ఇవ్వాలన్నది మన కుటుంబ విధానం. అందులో రాజీ లేదు. ఎంత ఇవ్వాలన్నది మేం చూసుకుంటాం. పిల్ల ఆ బరువు పెట్టుకోనక్కర్లేదు."

జిరాక్సు కోసం వచ్చిన ఒకాయన కూడా అంత దూరమెందుకు, నరసాపురం కాలేజీయే మంచిదన్నాడు. ఆయనెవరో మాలో ఎవరికీ తెలియదు. అయినా అందరూ తలలూపారు. నేనెవరో ఆ గదిలో అందరికీ తెలుసు.

నాలుగున్నరకి తీర్మానం ఆమోదం పొందింది. పొద్దున్న బస్సుకి వెళ్లి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చే నరసాపురం కాలేజీ, బీకాం. ఓటీపీ వచ్చింది, సేవ్ అయింది. అప్పుడు ఇంకో పేజీ తెరుచుకుంది. 'పై ఎంపికలు ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత ఇష్టంతో చేసుకున్నాను.' కింద రెండు బటన్లు: 'అంగీకరిస్తున్నాను', 'మార్చుకుంటాను'.

"దీనికి ఓటీపీ లేదమ్మా. నువ్వే నొక్కాలి, రూలు" అంటూ బుల్లిరాజు గారు కుర్చీ పక్కకి జరుపుకున్నారు.

'మార్చుకుంటాను' నొక్కితే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా జాబితా మళ్లీ తెరుచుకుంటుందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటు ఆ గదిలో నా ఒక్కదానికే ఉంది. ఇంకా పాతిక నిమిషాల టైముంది. బాబాయి నోరు మూసుకున్నాడు. అత్త తట్ట కింద పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఒక గదిలో అందరూ నా కోసం ఆగడం అదే మొదటిసారి. మౌస్ నా చేతిలో ఉంది. బాణం 'మార్చుకుంటాను' మీదికి వెళ్లింది కూడా.

నేను తలెత్తి, సర్వాధికారాలతో అడిగాను. "ఏది నొక్కమంటారండి?"

ఏది నొక్కాలో అందరూ ఒకేసారి చెప్పారు.

నాలుగో రోజున నాన్న ఒడ్డుకొచ్చాడు. "రాజమండ్రి అంటావనుకున్నానే. నీ హాస్టల్‌కని పెట్టె కూడా చూసుంచాను" అన్నాడు. అత్త ప్రింటు తీయించిన కాగితం తెచ్చి, సొంత ఇష్టం అన్న చోట వేలు పెట్టి చూపించింది. నాన్న కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు.

"నీ ఇష్టమేనా అమ్మా?"

కాగితం మీద అంత స్పష్టంగా ఉంటే కాదని ఎలా అంటాను? "అవును నాన్నా" అన్నాను. పిల్ల మనసు తెలుసుకుని నడుచుకునే ఇల్లని మమ్మల్ని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.