నడిమధ్య ముల్లు

ఇంజను వేడెక్కడం వాహనానికి సంబంధించిన విషయమనీ, ముల్లు కదలడం కార్యాలయానికి సంబంధించిన విషయమనీ పౌరులందరూ గ్రహించాలి. ఈ తేడా తెలియకే నేను తంటాలు పడ్డాను.

మా చిన్న కారుకు ఇరవై రెండేళ్లు. ఇంజను వేడి చూపే ముల్లు పదకొండేళ్లుగా నడిమధ్యనే ఉంది. మా మామగారి హయాంలో సెన్సరు వైరు పీకేసి, దాని బదులు ముల్లును కదలనివ్వని మిరపగింజంత రెసిస్టరు పెట్టించారు. (ఆయన దేన్నీ బాగు చేయించలేదు, అన్నిటినీ ఒప్పించారు.)

కారు నడిపేది మా ఆవిడ, కొండమీది ఆసుపత్రిలో నర్సు. ఫిట్‌నెస్ పత్రం గడువు మేం తనిఖీకి వెళ్లిన రోజుతో సరి. అది రాకపోతే మర్నాటి నుంచి మూడు బస్సులు మారాలి. అందుకని నేను నిజాయితీకి పోయి, మెకానిక్ చేత చిలుము పట్టిన ప్లగ్గు గీకించి, కొత్త సెన్సరు వేయించాను. ముల్లుకు ప్రాణం వచ్చింది. మా సంతోషం ఇంతా అంతా కాదు.

తనిఖీ క్యూలో ఇంజను ఆపకూడదని నిబంధన. గంట గడిచేసరికి ముల్లు తాపీగా ఎర్రగీత వైపు బయల్దేరింది. ముళ్ల పర్యవేక్షణాధికారి (శాఖలో రెండే పోస్టులు, రెండోది ఖాళీ) పాత రికార్డు తిరగేశారు.

"పదకొండేళ్లుగా కదలని ముల్లండీ ఇది. ఇప్పుడెందుకు కదులుతోంది?"

సెన్సరు బాగైందని మనవి చేసుకున్నాను. బాగైందనాలంటే ముందు పాడైనట్టు దరఖాస్తు ఉండాలట. ఆ దరఖాస్తు పెట్టాలంటే సెన్సరు పాడై ఉండగానే రావాలట.

"మరి ఇంజను నిజంగానే వేడెక్కితేనండీ?" అంది మా ఆవిడ.

ఆయన ఫారం రెండువైపులా ఓపిగ్గా వెతికారు. "దానికి గడి లేదమ్మా."

గేటు ఎదుటే ఉన్న మా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. పాత రెసిస్టరును అతను డబ్బాలో భద్రంగా దాచి ఉంచాడు. "పారేయను సార్. అందరూ మళ్లీ దీనికోసమే వస్తారు," అన్నాడు.

దాన్ని మళ్లీ బిగించగానే ముల్లు నడిమధ్యకు చేరింది. అధికారి ముచ్చటపడి పత్రమిచ్చి, వైరుకు సీసపు సీలు కూడా వేశారు. సీలు తెగితే పత్రం చెల్లదు.

మర్నాడు కొండెక్కుతుంటే బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. మా ఆవిడ కారు పక్కకు ఆపి, ఫోన్ చేసి సంగతి చెప్పింది. ముల్లెక్కడుందని అడిగాను. నడిమధ్యనే ఉందంది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు కారు దారిలో చల్లారడానికే రోజూ గంట పడుతోంది. మూడు బస్సులు మారితే ముప్పావుగంటేనట. కానీ అంత కష్టపడి తెచ్చుకున్న పత్రం వృథా అవుతుంది కదా!