తప్పు నాదే కేకు

ప్రేమికుల రోజు ఉదయం ఆరింటికి, భార్యను లేపకుండా బేకరీకి జారుకుందామనుకున్నాడు కేకులు చేసే మాస్టరు. ఆవిడ అప్పటికే లేచి వంటింట్లో కూర్చుని ఉంది.

"సాయంత్రం ఆరింటి బండికి అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను," అంది. "ఇక రాను. చెప్పకుండా వెళ్తే బాగుండదని చెప్తున్నాను."

"ఇవాళా? ఇవాళ షాపులో ఎంత పనుంటుందో నీకు తెలుసుగా."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన నోటి నుంచి ఊడిపడ్డ మాటలన్నిట్లో దీనికి మొదటి బహుమతి ఇవ్వొచ్చు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఊళ్ళో అందరి ప్రేమనూ అరకిలో, కిలో చొప్పున అమ్మే మనిషికి, ఇంట్లో సరుకు ఎప్పుడో అయిపోయిందని దారిలో తెలిసొచ్చింది. భయం వేసింది. ఆవిడ లేని ఇల్లు ఊహించుకోబోతే ఏడుపొచ్చింది. చిన్న కేకు చేసి, దాని మీద ఒక్క నిజం మాట రాయించి, ఐదింటికల్లా ఇల్లు చేరాలనుకున్నాడు. షాపు చేరగానే, ఆ మాట ఎలా ఉంటుందో చూసుకోవడానికి చేతికందిన ఆర్డరు చీటీ వెనక రాశాడు: "తప్పు నాదే. వెళ్ళొద్దు." అంతలో ఓవెన్ గంట మోగింది. చీటీ బల్ల మీదే వదిలి పరుగెత్తాడు.

ఆ బేకరీలో ఒక పద్ధతుంది. ఆర్డరిచ్చినవాళ్ళు మనసు మార్చుకుంటే కొత్త మాట చీటీ వెనక రాస్తారు. వెనక రాత ఉంటే ముందు రాత చెల్లదు. కేకుల మీద క్రీముతో రాసే పెద్దాయనను అందరూ అక్షరాలాయన అంటారు. ఆయన చీటీ తిప్పి చూడందే పని మొదలుపెట్టడు, చూశాక అర్థం గురించి ఆలోచించడు. ఆ చీటీ ముందు వైపు ఒక లాయరుగారి ఆర్డరు ఉంది: "నా లోకం నువ్వే."

పదింటికి లాయరుగారు బేకరీ యజమానికి ఫోన్ చేశారు.

"ముప్పయ్యేళ్ళ ప్రాక్టీసులో నేనెవరి ముందూ తప్పు ఒప్పుకోలేదయ్యా. మీరు నాచేత రాతపూర్వకంగా ఒప్పించారు."

"క్షమించండి సార్, వేరే కేకు పంపిస్తాం."

"వద్దు. మా ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది కూడా. మా జూనియర్లకి ఇంకో నాలుగు పంపించండి."

లాయరుగారి భార్య తీసిన ఫోటో ఫోన్లలో ఊరంతా తిరిగింది. మధ్యాహ్నానికి తప్పు చేసిన మగవాళ్ళు వీధి మలుపు దాకా బారులు తీరారు. యజమాని ఎర్ర గుండెల కేకులు వెనక్కి నెట్టించి, బయట బోర్డు పెట్టించాడు: "తప్పు నాదే కేకు. ఈ ఒక్కరోజే."

"సార్, అది నేను మా ఆవిడకని రాసుకున్నది," అన్నాడు మాస్టరు.

"నువ్వూ ఒకటి తీసుకెళ్ళు, ఎవరు కాదన్నారు? ముందు ఇంకో ముప్పై దించు."

తన ఏడుపును తానే పొద్దంతా ట్రేలకెత్తి కాల్చాడాయన. చివరికి, తొంభై మూడో కేకు పట్టుకుని ఐదున్నరకు ఇల్లు చేరాడు. మంచం మీద పెట్టె సర్ది ఉంది. ఆవిడ డబ్బా మూత తీసి చూసింది.

"మేడ మీదావిడకీ ఇదే వచ్చింది. ఇవాళ పని మీద ఊళ్ళోకొచ్చిన బావగారు అక్కకీ ఇదే కొనుక్కెళ్ళారట."

"ఇది నేను రాసింది. నీకోసమే."

"మేడ మీదాయన కూడా తనే రాశానన్నాడు."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. తన బతుకులో చెప్పుకోదగ్గ ఒకే ఒక్క నిజం తొంభై రెండు ఇళ్ళు తిరిగి, ఎంగిలై తన ఇంటికి వచ్చింది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదనిపించింది.

"సరే," అందావిడ. "ఏ తప్పు?"

ఆయన కేకు డబ్బా మూసి పక్కన పెట్టాడు.

"మీ నాన్నగారు పోయిన రోజు," అన్నాడు చివరికి. "పెళ్ళి కేకు ఆర్డరుందని శ్మశానం నుంచి అటే షాపుకెళ్ళిపోయాను. నువ్వొక్కదానివే ఇంటికొచ్చావు. రాత్రి నేనొచ్చి, అన్నం ఉందా అనడిగాను."



"మీకది గుర్తులేదనుకున్నాను."

"గుర్తుంది. చెప్పడానికి సిగ్గేసింది."

ఆవిడ పెట్టె తెరిచి, ఒక జత బట్టలు తీసి బీరువాలో పెట్టింది. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

పెట్టెలో ఇంకా పదకొండు జతలున్నాయి.