ఇంటి ముందు జనరేటరు

"ఫార్మాట్ కాదు నజ్మా, కన్వర్టు. దీంట్లో ఏదీ పోదు."

"పోయినసారీ ఇలాగే అన్నారండీ. నా పాటలన్నీ పోయాయి."

ఇడ్లీలు చల్లారిపోయినా మొగుడూ పెళ్లాల మధ్య ఆ మాట తెగలేదు. నిజానికి ఆ ఆదివారం ఫారూఖ్ అనుకున్న పని చిన్నదే. చెల్లెలు ఆలియా పెళ్లి వీడియోను హార్డ్ డిస్కులోకి ఎక్కించి తణుకులో ఆమె అత్తవారింటికి పంపాలి. డిస్కులో బోలెడంత ఖాళీ ఉన్నా అంత పెద్ద ఫైలును అది తీసుకోవడం లేదు. డిస్కును ఫ్యాట్ అనే పాత పద్ధతి నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతికి మారిస్తే తీసుకుంటుంది.

అయితే అదే డిస్కులో, చనిపోయిన తండ్రి కొల్లేటి పడవలో కూర్చుని ఉన్నాడు. ఐదే నిమిషాలు. కదులుతూ కనిపించే తండ్రి ఇంకెక్కడా మిగల్లేదు.

"మధ్యలో కరెంటు పోతే?" అని అడిగింది తల్లి మరియంబీ.

ఫారూఖ్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. "అప్పుడు మాత్రం చెప్పలేం అమ్మీ."

ఆమె వెంటనే కైకలూరులో ఉన్న తమ్ముడు మహబూబ్‌కు ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా రొయ్యల చెరువు దగ్గరి జనరేటరు వ్యాను మీద వచ్చి గుమ్మం ముందు దిగింది. దాని మోతకు కిటికీ తలుపులు వణికాయి.

ఇంటి ముందు జనరేటరు ఆడితే ఏలూరులో ఆ వీధికి తెలిసిన అర్థం ఒక్కటే. ఎదురింటి సువార్తమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. "ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ! ఫంక్షనెవరికి?"

"ఫంక్షను లేదండీ, హార్డ్ డిస్కు మారుస్తున్నాం" అంది నజ్మా.

"పోనీలెండి, చెప్పకూడనిదైతే మేమెందుకు అడగడం!"

ఆవిడ వెనకే షామియానా కొట్టతను ఎవరూ అడక్కుండానే కుర్చీలు దింపాడు. కుర్చీలు చూసి మరికొందరు వచ్చారు. నజ్మా టీకి పెద్ద గిన్నె పెట్టింది.

"మార్చేముందు ఆయన్ని ఒకసారి చూడనీరా" అంది మరియంబీ. ఫారూఖ్ కంప్యూటరును టీవీకి కలిపాడు.

తెర మీద సాయంకాలపు నీళ్లు పరుచుకున్నాయి. తుంగ పక్కనుంచి పడవ జారుతోంది. గూడబాతులు ఒక్కొక్కటే లేచి, తొందరేమీ లేనట్టు ఆకాశంలోకి పోతున్నాయి. ఆయన తలెత్తి వాటినే చూస్తున్నాడు. చూసేవాళ్ల చేతుల్లో కప్పులు అలాగే ఆగిపోయాయి. కుర్చీలు కూడా నీటి మీదే తేలుతున్నట్టుంది.

"పక్కన మీరే కదండీ! కళ్లు మూసుకున్నారేంటి?" అంది సువార్తమ్మ, మరియంబీ వైపు తిరిగి.

"మునిగిపోతామని."

మరియంబీ మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశారు. ఆ తర్వాత ఫారూఖ్ డిస్కును మార్చే కమాండు కొట్టాడు. రెండో విడత టీ మరిగేలోపే పని అయిపోయింది. ఫైళ్లన్నీ ఉన్నాయి. కరెంటు రోజంతా పోనేలేదు.

సువార్తమ్మ కూతురు క్రిస్టినా మెల్లగా అడిగింది. "ముందే ఆ ఐదు నిమిషాలూ ఒక సీడీలోకి తీసుకుంటే సరిపోయేది కదన్నయ్యా?"

మహబూబ్ లేచి వెళ్లి జనరేటరు కట్టేశాడు.

మోత ఆగాక మరియంబీ గొంతు అందరికీ వినబడింది.

"రేపు తమ్ముడితో కొల్లేరు వెళ్తున్నాను. ఆయన అంతసేపు ఏం చూశారో కళ్లు తెరుచుకుని చూసొస్తాను. వీడియో మాత్రం ఎవరూ తీయకండి."