ఇప్పచెట్టు తలుపుకి పద్దెనిమిది వోల్టులు

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ, సమయానికి ఒక్క స్క్రూడ్రైవర్ లేదు.

ఒకప్పుడు ఉండేదట. పనిముట్ల సంఘం వాళ్ల దగ్గర చెక్కపిడిది ఒకటి ఉండేది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్లి, పని చేసుకుని, తుడిచి తెచ్చిచ్చేవాళ్లు. ఎలుగుబంటి దాంతో తేనెతుట్టె కింది బండని పైకి లేపబోయింది. బండ లేవలేదు, పిడి విరిగింది. అప్పట్నించీ సంఘం ఉంది, పనిముట్టు లేదు.

ఈ సంగతి తెలియక సంఘం దగ్గరికొచ్చింది ఉడుత వరాలు.

పాపం వరాలుది ఇప్పచెట్టు తొర్ర. దానికి బుల్లి చెక్కతలుపు, లోపలివైపు రెండు బందులు. పై బందు స్క్రూలు వదులైపోయి, రెండు ఊడి కింద పడ్డాయి. తలుపు పక్కకి వాలి వేలాడుతోంది. లోపల మూడు పిల్లలు, మొన్నే కళ్లు తెరిచాయి. పళ్లతో స్క్రూ తిప్పుదామంటే వాటి నెత్తిమీద ప్లస్ గుర్తు గాడి, పన్ను జారిపోతోంది. అదలా ఉంచితే, ఎదురుకొమ్మ మీద నాలుగు రోజులుగా ఉడుము ఒకాయన ఎండకాగుతున్నాడు. పేరు శాంతమూర్తి. పేరే శాంతం.

"ఓ చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ ఇప్పించండయ్యా. అరగంటలో తెచ్చిచ్చేస్తా" అంది వరాలు.

సంఘం అధ్యక్షుడు ఏనుగు భూపతి తొండంతో చెవి గోక్కున్నాడు. "చూడమ్మా, నీకు కావాలంటే అడవికి కావాలన్నమాటే. అడవికి కావాలంటే కమిటీ వెయ్యాలి."

"నాలుగు తిప్పులు తిప్పడానికి కమిటీ ఎందుకండీ?"

"అందుకే కమిటీ. నాలుగా, అయిదా అన్నది ఎవరు తేల్చాలి?"

కమిటీ వేశారు. అధ్యక్షుడు భూపతే. కార్యదర్శి తాబేలు నిదానయ్య, రూలు అన్న మాట లేకుండా అన్నం కూడా అడగడు. సాంకేతిక సలహాదారు కోతి బుల్లబ్బాయి. ఆయన టౌన్లో హార్డ్‌వేర్ షాపు రేకుల మీద ఆర్నెల్లు కాపురం ఉండి వచ్చాడు. షాపులోకి ఎప్పుడూ దిగలేదు, అయినా సరే.

"భద్రత చూసుకోడానికి ఒకరుండాలి" అన్నాడు భూపతి.

"పిల్లలున్న ఇల్లు కదండీ, నేనుంటాను" అంటూ శాంతమూర్తి కొమ్మ దిగొచ్చాడు. గొంతులో తేనె కారుతోంది.

వరాలు కంగారుగా "అయ్యా, ఆయన..." అనబోయింది.

"అర్జీదారు మధ్యలో మాట్లాడకూడదు" అన్నాడు నిదానయ్య.

మొదటి సమావేశం మొదలైంది. బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "చేత్తో తిప్పే రోజులు పోయాయండీ. ఇప్పుడంతా బ్యాటరీ మిషన్లే. వైరుండదు, మీట నొక్కితే గిర్రున తిరుగుతుంది. చిన్నది చాలనుకుంటే నాలుగు వోల్టులది దొరుకుతుంది."

"అదే ఇప్పించండి బాబూ!" వరాలుకి ప్రాణం లేచొచ్చింది.

"తొందరపడకమ్మా" అన్నాడు శాంతమూర్తి. "నాలుగు వోల్టులది ఇప్పచెక్కకి సరిపోతుంది సరే. రేపు చేవదేలిన మద్దికి సరిపోతుందా? నాసిరకం సరుకు పసిపిల్లలున్న ఇంట్లో వాడనివ్వను. నా మనసొప్పుకోదు."

"ఎంత దయ!" అన్నాడు భూపతి. ఆ మాటతో ఆయనకి ఇంకోటి గుర్తొచ్చింది. "అన్నట్టు, సభ జరిగే కొండబండకి నా నిలువెత్తు పటం తగిలించాలని జనం గొడవ. బండకి కన్నం పడుతుందా దీంతో?"

జనం ఎప్పుడు గొడవ చేశారో వరాలుకి తెలియదు. తను మాత్రం చెయ్యలేదు.

"బండకైతే హామరున్న డ్రిల్లే కావాలండీ. పద్దెనిమిది వోల్టులు. టార్కు బాగా ఉండాలి" అన్నాడు బుల్లబ్బాయి.

టార్కంటే ఏంటో ఎవరూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా! భూపతి మాత్రం గంభీరంగా, "టార్కు విషయంలో రాజీ పడేది లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక రూలు ప్రకారం మూడు షాపుల నుంచి కొటేషన్లు రావాలి. వాటిని తేవడం కార్యదర్శి బాధ్యత. నిదానయ్య స్వయంగా బయల్దేరాడు. సాగనంపినవాళ్లు భోజనాలు చేసి, కునుకు తీసి లేచేసరికి ఇంకా కనుచూపు మేరలోనే ఉన్నాడు.

ఆ రోజులన్నీ వరాలు ఎలా గడిపిందో దానికే తెలియాలి. తలుపుకి వీపు ఆనించి కూర్చునేది. దాచుకున్న గింజలు తరిగిపోతున్నాయి. బయటికెళితే తలుపు పడుతుంది, వెళ్లకపోతే పాలు పడవు. ఆకాశాన మబ్బులు కమ్ముకుంటున్నాయి.

శాంతమూర్తి పొద్దున్నే పరామర్శకి వచ్చేవాడు.

"పిల్లలు కులాసానా వరాలూ? బొద్దుగా అవుతున్నారా?"

"మీకెందుకండీ బాబాయిగారూ?"

"భద్రతా సభ్యుణ్ణి కదమ్మా. బరువు తెలిస్తే నివేదికలో రాసుకుంటాను." అని వాలిన తలుపు సందులోంచి ఓసారి నాలుక చాపి, గాలి రుచి చూసి వెళ్లేవాడు. వరాలుకి ఒళ్లు మండిపోయేది. కానీ ఏమంటుంది? మాటలో వంకరేం లేదు. ఆయన నాలుకే రెండుగా చీలి ఉంది.

నిదానయ్య మూడు కొటేషన్లతో తిరిగొచ్చాడు. రెండో సమావేశంలో శాంతమూర్తి మళ్లీ చెయ్యెత్తాడు. వేగాలు ఒకటి కాదు, రెండుండాలన్నాడు. చీకటి తొర్రల కోసం ముందు దీపముండాలన్నాడు. మోటారు బ్రష్‌లెస్సే అయ్యుండాలన్నాడు. ఒక్కో కోరికకీ కొటేషన్లు మళ్లీ తేవాలి కదా, నిదానయ్య మళ్లీ బయల్దేరాలి కదా. అదీ ఆయన లెక్క. మొదట్లో వరాలుకి అర్థం కాలేదు. దీపం అడిగినప్పుడు అర్థమైంది, ఉడుముకి తొర్రలో దీపమెందుకు!

చివరికి ఓ మధ్యాహ్నం డ్రిల్లు వచ్చింది. నల్లటి పెట్టె, పసుప్పచ్చ గీతలు. ఇప్పచెట్టు కింద అడవంతా పోగైంది. పెట్టెకి దండేశారు. భూపతి డ్రిల్లుని తొండంతో పైకెత్తి అందరికీ చూపించాడు. తొర్ర దాకా చాచి, మీట నొక్కాడు.

చడీ లేదు, చప్పుడూ లేదు.

"ఆహా, ఎంత నెమ్మది!" అంది జనంలోంచి ఓ జింక.

"అదేనండీ బ్రష్‌లెస్ గొప్పతనం, తిరిగినట్టే తెలియదు" అన్నాడు బుల్లబ్బాయి. ఆయన నుదుటిమీద మాత్రం చెమట పట్టింది.

వరాలు దగ్గరికెళ్లి చూసింది. "తిరిగినట్టు తెలియకపోవడమేంటి బాబూ, తిరగడమే లేదు. ఇదుగో, పిడి కింద ఖాళీ. ఇక్కడేదో ఉండాలిగా?"

బుల్లబ్బాయి వంగి చూసి నీళ్లు నమిలాడు. "అది... బ్యాటరీ. ఈ రకానికి బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి."

"ఏమయ్యా నిదానయ్యా! బ్యాటరీ డ్రిల్లుకి బ్యాటరీ తేలేదా?" భూపతి గద్దించాడు.

నిదానయ్య కాగితాలు తిరగేశాడు. "జాబితాలో వోల్టులున్నాయండీ. టార్కుంది. హామరుంది. దీపముంది. బ్యాటరీ కావాలని ఎవరూ ప్రతిపాదించలేదు. ప్రతిపాదించనిది తేవడం రూలు కాదు."

భూపతికి పరువు పోయినట్టయింది. "హామరుందన్నారుగా! హామరంటే కొట్టేదేగా! బ్యాటరీతో పనేంటి?" అంటూ డ్రిల్లు పిడితో తలుపు మీద ఒక్కటిచ్చాడు.

కింది బందు కూడా ఊడింది. తలుపు దభీమని కిందపడింది. స్క్రూలు నాలుగువైపులా దొర్లాయి. తెరుచుకున్న తొర్రలోంచి మూడు పిల్లలు బిక్కుబిక్కుమంటూ బయటికి చూశాయి.

వరాలు "అయ్యో నా తల్లులారా!" అని ఒక్క గెంతున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

శాంతమూర్తి మెల్లిగా ముందుకొచ్చాడు. కళ్లలో ఎంత జాలో! "జరిగిందేదో జరిగింది. బ్యాటరీ ఎంపికకి ఉపసంఘం వేద్దాం. అంతవరకూ పిల్లల సంరక్షణ భారం నేను మోస్తాను. వరాలు తల్లీ, హాయిగా మేతకి వెళ్లిరా."

"మంచి ప్రతిపాదన. బలపరిచేవాళ్లెవరు?" అన్నాడు నిదానయ్య కాగితం సర్దుకుంటూ.

వరాలుకి ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనే కిందికి చూసింది. తెరిచి పడేసిన పెట్టెలో, ఓ మూల గూట్లో, గింజంత ఇనపముక్క మెరుస్తోంది. దాని కొనకి ప్లస్ గుర్తు. డ్రిల్లు మూతికి తగిలించుకునే బిట్టు అది. డ్రిల్లుతో పాటు ఊరికే ఇచ్చారు.

నెల రోజులుగా తను అడుగుతున్నది ఇంతే కదా!

వరాలు కళ్లు తుడుచుకుంది. ఒక్క ఉరుకున వెళ్లి బిట్టు నోట కరుచుకుని, స్క్రూలన్నీ బుగ్గల్లో వేసుకుని, మళ్లీ గుమ్మంలోకి వచ్చేసింది. ఇక మిగిలింది తలుపు. ఉడుత ఎత్తగలిగే బరువు కాదు. ఎవరైనా పైకెత్తి, కదలకుండా అదిమి పట్టాలి.

వరాలు శాంతమూర్తి వైపు చూసింది. ఆ చూపులో ఇప్పుడు భయం లేదు. నోట్లోని బిట్టు దింపి, బుగ్గల్లోని స్క్రూలు ఒక్కొక్కటే గుమ్మం మీద పేర్చి, గొంతెత్తింది.

"అయ్యా అధ్యక్షా! భద్రతా సభ్యులు మా పిల్లల కోసం ఎంత తాపత్రయపడుతున్నారో అందరూ చూస్తున్నారు. పట్టంటే ఉడుంపట్టే కదండీ! బయట నుంచి ఆయన తలుపు పట్టుకుంటే, లోపల్నించి నేను బిగించుకుంటాను."

"భేష్!" అన్నాడు భూపతి. అడవంతా చప్పట్లు మోగించింది.

"నేనా? నాకు నడుం నొప్పి..." అన్నాడు శాంతమూర్తి.

"పసిపిల్లల విషయంలో మీ మనసొప్పుకోదుగా బాబాయిగారూ!" అంది వరాలు.

కాదంటే అడవంతా చూస్తోంది. నోట్లో నీళ్లూరుతుండగా శాంతమూర్తి తలుపు ఎత్తి, గోళ్లు దించి, గుమ్మానికి అదిమాడు. లోపల వరాలు బిట్టుని పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులతో తిప్పడం మొదలెట్టింది. పిల్లలు స్క్రూలు అందించాయి.

"ఇంకాస్త గట్టిగా బాబాయిగారూ! కింద సందుంది!"

ఆయన పొట్ట గుర్రుమంది. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఎనిమిదో స్క్రూ బిగిసేసరికి మొదటి చినుకు పడింది. లోపల గడియ పడిన చప్పుడు శాంతమూర్తికి అందరికంటే బాగా వినిపించింది.

నిదానయ్య నివేదిక రాశాడు. పద్దెనిమిది వోల్టుల డ్రిల్లు సాయంతో ఒక తలుపు విజయవంతంగా బిగించబడినది. బుల్లబ్బాయిని బ్యాటరీ ఉపసంఘానికి పెద్దని చేశారు. భూపతి పటం ఇంకా బండకి ఆనించే ఉంది, వానకి కాస్త రంగు దిగింది.

శాంతమూర్తికి మాత్రం తలుపుల సంరక్షకుడని బిరుదిచ్చి దండేశారు. అడవిలో ఏ గూటి తలుపు వదులైనా ఆయన్నే పిలుస్తున్నారు. వరాలు బిట్టు పట్టుకుని లోపలికెళుతుంది, ఆయన బయట నిలబడి తలుపు అదుముతాడు. ఇప్పటికి ముప్పై గూళ్లు బిగించాడట, మనిషి సగమయ్యాడు.

నీతి: మన ఇంటి మీద కన్నేసినవాణ్ణి కమిటీలోంచి తీసెయ్యకండి, పిలిచి తలుపు పట్టుకోమనండి.