గాలాడని ఓడ

ఆ ఉదయం ఇంజనీరమ్మ వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి బ్యాటరీ ఓడలో కంపెనీ పెద్దసారును నడిసముద్రంలోని ఛార్జింగ్ తెప్ప దగ్గరికి తీసుకెళ్లాలి. దాని మీద సోలార్ పలకలు, ఒక గాలిమర, అలలకు ఊగి కరెంటు పుట్టించే డబ్బాలు ఉన్నాయి. మూడింట్లో ఒకదాన్ని ఎంచుకుని ఆయన సంతకం పెడితే ఆమె మూడేళ్ల కష్టం గట్టెక్కుతుంది. లేదంటే ఓడకు మళ్లీ డీజిల్ ఇంజనే.

ఓడ కెప్టెన్ ఆమె మామగారే. బ్యాటరీలో వెళ్లడానికి సరిపడా ఛార్జింగే ఉండటం చూసి ఆయన గొణిగాడు. "రావడానికి కూడా నింపుకోవచ్చు కదమ్మా?"

"ఖాళీ బ్యాటరీ నిండితేనే కదా మామయ్యా, సారు కంటికి ఆనేది!"

తెప్ప చేరేసరికి మబ్బేసింది. గాలిమర రెక్క కదల్లేదు. సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటిలా పరుచుకుంది.

"ఇందులో నేను దేన్ని ఎంచుకోవాలమ్మా?" అని పెద్దసారు చాలా మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే ఆమెకు ఏడుపొచ్చింది.

వాతావరణం కనుక్కుందామని ఒడ్డునున్న గుమాస్తాకు ఫోన్ చేసింది. "ఇక్కడ అస్సలు గాలాడటం లేదండీ! సారు మొహం మాడిపోయింది. ఇంకెంతసేపో చెప్పండి!"

లైనులో గరగర. గుమాస్తాకు సగం మాటలే వినబడ్డాయి. "ఇంకెంతోసేపు లేదా!" అంటూ ఫోన్ పెట్టేసి డాక్టరునీ, ఆక్సిజన్ సిలిండరునీ, స్ట్రెచరునీ, సారు భార్యనీ డీజిల్ బోటెక్కించి తానూ ఎక్కాడు.

అరగంటలో సైరన్ మోగింది. "నాకేం కాలేదయ్యా!" అంటున్న పెద్దసారును పడుకోబెట్టి డాక్టరు మాస్కు తగిలించాడు. "ఒంట్లో బాలేదని నాకొక్కముక్క చెప్పరేం?" అని భార్య నిలదీసింది. మాస్కులోంచి ఆయనిచ్చిన జవాబు ఎవరికీ అర్థం కాలేదు.

"గాలాడనిది గాలిమరకి, సారుకి కాదండీ!" అని ఇంజనీరమ్మ మొత్తుకుంది. ఇక ఉద్యోగం కూడా పోయినట్టే అనుకుంది.

అంతలో మామగారు కేకేశాడు. "అమ్మాయ్, మీటరు ముల్లు లేచింది!"

బోటు రేపిన అలలకు డబ్బాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "బాబ్బాబు, తెప్ప చుట్టూ ఓ నాలుగు చుట్లు తిప్పు!" అని ఆయన బోటువాణ్ణి బతిమాలాడు. నాలుగో చుట్టుకి గాలి లేచింది, మబ్బు విడింది. మూడూ కలిసి పనిచేస్తే మధ్యాహ్నానికి బ్యాటరీ నిండింది.

పెద్దసారు మాస్కు పీకేశాడు. "ఒక్కదాన్ని నమ్ముకుంటే ఇలాగే నడిసముద్రంలో కూర్చుంటాం. మూడూ ఉంచండి. వచ్చిన కరెంటు దాచడానికి తెప్ప మీదే పెద్ద బ్యాటరీ పెట్టండి." స్ట్రెచరు మీదే సంతకం చేశాడు. మామగారు కోడలికి మంచినీళ్లందించి, అటు తిరిగి తన కళ్లు తుడుచుకున్నాడు.

గుమాస్తా మాత్రం నివేదికలో, ఆనాటి అలలకు కారణం అన్నచోట, "డాక్టరుగారు" అని రాశాడు.